భువన ఫోన్‌లో విశ్వనాథం గారి యుద్ధం

ఫిల్మ్ నగర్లో స్టూడియో వెనక గేటు దగ్గర శకుంతలమ్మ టీ బండి ఉంది. బండికి ఇటో బెంచీ, అటో బెంచీ. అటుది వచ్చేపోయేవాళ్లది. ఇటుది కాశీవిశ్వనాథం గారిది.

ఆయన డబ్బింగ్ ఆర్టిస్టు. తెర మీద విలన్ వెనకాల ఓ గుంపు నిలబడుతుంది చూడండి, ఆ గుంపులో ఎవడో ఒకడి గొంతు ఆయనది. "అన్నా, వాడు తప్పించుకున్నాడన్నా" అనే మాట ఆయన అన్నన్నిసార్లు ఈ పరిశ్రమలో ఇంకెవరూ అని ఉండరు. తెర మీద ఆ ఒక్క మాటే దొరుకుతుంది కాబట్టి, మిగిలిన మాటలన్నీ బెంచీ మీద ఖర్చుపెడతారు. చెల్లెలి కూతురు భువన ఆయన ఇంట్లోనే ఉండి డిగ్రీ చదువుకుంటోంది. 'కోటదాడి' అని జట్లు జట్లుగా తుపాకులు పట్టుకుని ఫోన్లో ఆడే ఆట ఉంది. ఆ పిల్ల అందులో ఘటికురాలు. వాళ్ల జట్టు ఫైనల్స్‌కి వెళ్లిందని కాలనీలో అందరం చెప్పుకున్నాం.

ఆ సాయంత్రం విశ్వనాథం గారి ముందు ఉన్నది ముగ్గురం. బండి వెనక శకుంతలమ్మ, ప్రొడక్షన్ వ్యాన్ తోలే తిరుమలేశ్, ఎడిటింగ్ రూములో పనిచేసే నేను. అటు బెంచీ మీద ల్యాప్‌టాప్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఒకమ్మాయి ఎవరి కోసమో ఎదురుచూస్తూ టీ తాగుతోంది. కొత్త మనిషి ఉంటే విశ్వనాథం గారి గొంతు ఒక మెట్టు పైనుంచే అందుకుంటుంది.

"ముందే చెబుతున్నా, ఇందులో నేను చేసిందంటూ ఏమీ లేదు," అన్నారు. ఆయన కథలన్నీ ఆయనేమీ చేయకుండానే మొదలవుతాయి. "మా భువన ఓ రోజు కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టదు. ఏంటమ్మా అన్నాను. 'మామయ్యా, ఒకడు నేను గోడ వెనక నక్కినా కొట్టేస్తున్నాడు. నేనున్నట్టు వాడికెలా తెలుస్తోంది?' అంది. ఏదీ చూపించు అన్నాను. ఆడిన ఆట అది మళ్లీ వేసి చూపిస్తుందయ్యా, మనవాడి ఎడిటింగ్ రూములో వేసినట్టే. చూశాను. వాడి బొమ్మ నడిచొస్తోంది. గోడకవతల మన పిల్ల. అడుగుల చప్పుడింకా రాలేదు, వాడి మెడ మాత్రం ఇటు తిరిగింది. చప్పుడు కంటే ముందు మెడ తిరిగిందయ్యా! తెర మీద పెదాలు చూస్తూ మాట కలిపే వృత్తి నాది. పెదవికీ మాటకీ వెంట్రుకవాసి తేడా వస్తే నాకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టుంటుంది. వెంటనే అన్నాను, అమ్మా, వీడికి సింక్ లేదు, వీడు దొంగ అని."

"గిది మాత్రం మంచిగ పట్టిండ్రు సార్," అన్నాడు తిరుమలేశ్.

"పట్టడానికేముంది, కనబడుతుంటేనూ. గోడలు గాజుల్లా కనబడేట్టు చేసే దొంగ సరుకు దొరుకుతుందట. ఇంకోటుంది, గురి మనం పెట్టక్కర్లేదు, తుపాకీయే తలకాయ వెతుక్కుని పోతుంది. అది పెట్టుకుని ఆడుతున్నాడు వెధవ. ఫిర్యాదు పెట్టమన్నాను, పెట్టింది, కంపెనీవాళ్లు వాడి ఎకౌంట్ మూసేశారు. అయిపోయింది. ఇందులో నా గొప్పేముంది?"

అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ నష్టం లేదు. శకుంతలమ్మ గ్లాసు అందించింది. టీ లోపలికి దిగింది, ఆయన బెంచీ అంచుకు జరిగారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు పొద్దున్నే వాడే మళ్లీ దిగాడు! పేరు వేరు, బొమ్మ వేరు, ఆ మెడ మాత్రం అదే. కొత్తగా వచ్చినవాడు కింది మెట్టు నుంచి కదా ఎక్కాలి, వీడు దిగడమే పైమెట్టు మీద దిగాడు. ఎలాగంటావ్? ఎవడో రాత్రింబవళ్లు కళ్లు పోగొట్టుకుని ఎక్కిన ఎకౌంట్‌ని అంగట్లో కొనుక్కున్నాడు. ఇందులో ఆశ్చర్యపోవడానికేముందిలే, మన వీధిలో లేదా ఏంటి? మేడ మీంచి దూకేది డూపు, దండ హీరోకి. పాడేది ఒకరు, పెదవి కదిపేది ఇంకొకరు."

"పెదవి కదిలేది ఒకరిది, గొంతు మీది," అంది శకుంతలమ్మ.

"అది కళ, శకుంతలమ్మా. దానికీ దీనికీ పోలికేంటి?" అని ఆయన చటుక్కున పక్కకు తిప్పేశారు. "సరే, వాడు దిగాడా. ఆ ఆటలో మాట్లాడుకోడానికి మైకుంటుంది. ఇలా ఇవ్వమ్మా అని ఫోన్ తీసుకుని, గొంతు సవరించుకుని, ఒక్క నవ్వు నవ్వాను. పెద్దదేం కాదు, గుహలో విలన్ నవ్వే నవ్వుందే, దాంట్లో సగం. అంతే! అవతల టప్‌మని చప్పుడు. వాడి ఫోన్ స్పీకర్ పగిలిపోయింది. ఓ నిమిషం తర్వాత వాళ్లమ్మ లైన్లోకొచ్చి, 'బాబ్బాబు, మావాడికి జ్వరం పట్టుకుంది, ఆ నవ్వు వెనక్కి తీసుకోండి' అని ఒకటే ఏడుపు."

"స్పీకర్ పలిగినంక ఆమె మాట గెట్ల వినొచ్చింది సార్?"

"ఆవిడ అరిచింది కదయ్యా! తల్లి కడుపు తీపి, ఫోనెందుకు దానికి? జాలేసింది. నవ్వు వెనక్కి తీసుకున్నాను. కానీ ఆవిడ ఏడుస్తున్నంతసేపూ నా చెవి ఊరుకోలేదు. వెనకాల ఏదో వినబడుతోంది. మెట్రో రైల్లో స్టేషన్ పేరు చెబుతోంది, ఎర్రగడ్డ అని. కింద ఎవడో ఉల్లిపాయలు ఉల్లిపాయలు అని అరుస్తున్నాడు. దొరికాడు! ఆటో ఎక్కి నేరుగా ఎర్రగడ్డలో దిగాను."

అటు బెంచీ అమ్మాయి టీ తాగడం ఆపి ఇటు తిరిగింది. విశ్వనాథం గారు అది చూశారు. ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు.

"మార్కెట్ వెనక పాత గోడౌన్ ఒకటుంది. తలుపు తోశాను. ఏం చెప్పమంటావ్ శకుంతలమ్మా, లోపల అంతా ఎకౌంట్లే! తాజాగా ఎక్కొచ్చినవి గంపల్లో పెట్టి పైన నీళ్లు చల్లుతున్నారు, వాడిపోకుండా. కాస్త నలిగినవి గోనెపట్టా మీద కుప్ప పోశారు. కంపెనీ పట్టేసినవి ఓ మూల, పుచ్చు వంకాయల్లా. ఓ ముసలాయన ఒక్కోటీ చేతిలోకి తీసుకుని గిచ్చి చూస్తున్నాడు, లేతదా ముదురుదా అని. అమ్మేవాడు చూడు, ఇలా అమ్ముతాడు, కొన్నవాడు సందు మలుపు తిరిగేలోపు 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కి వెనక్కి లాక్కుంటాడు. గేదెనమ్మి పలుపు చేతిలో పెట్టుకున్నట్టు! ఆ ఒక్క గేదెనీ పొద్దుట్నుంచి ఎంతమందికి తోలాడో."

"అక్కడ తెలిసినవాళ్లెవరైనా కనిపించారా?" అన్నాను నేను, ఆయన నన్ను చూస్తున్నారు కాబట్టి.

"అబ్బ, అడక్కడక్క అడిగావు! మన జూబ్లీహిల్స్ పెద్దమనుషులే సగంమంది. మొహానికి మాస్కులేసుకొచ్చారు గానీ, గొంతులు నాకు తెలియవూ? ఓ నిర్మాతగారు బస్తాలెత్తించుకుంటున్నారు. ఏంటి సార్, ఈ వయసులో మీకు తుపాకీ ఆటలేంటి అంటే, 'ఆటకి కాదు విశ్వనాథం, మన టీజర్ రేపు పొద్దున వస్తోంది, చూసేవాళ్లు కావాలి కదా' అన్నారు. ఆ బస్తాలే మర్నాడు తెల్లారేసరికి జనం జనం అని పేపర్లో వచ్చాయి. పేరు చెప్పను. చెబితే నాకు వేషాలు రావు."

"మీకు వేషాలా బాబూ?" అంది శకుంతలమ్మ.

"వస్తుంటాయిలే," అని ఆయన ఎందుకో గొంతు తగ్గించి, మళ్లీ వెంటనే పెంచారు. "నాకు ఒళ్లు మండింది. గోడౌన్ తలుపులు బార్లా తెరిచి, 'ఎవరింటికి వాళ్లు పొండి' అన్నాను. అంతే, ఎకౌంట్లన్నీ బిలబిలమని లేచి పరుగు! సంతలో కట్లు తెంచుకున్న దూడల్లా. కొన్ని మెట్రో ఎక్కేశాయి."

"ఎకౌంట్లకు కాళ్లుంటాయా సార్?"

"కాళ్లు లేకుండానే లాగిన్ అవుతాయిటయ్యా? లోపలికి వచ్చేది నడిచే కదా!"

తిరుమలేశ్ తన కాళ్ల వైపు ఒకసారి చూసుకున్నాడు.

"ఇదంతా ఒకెత్తు. మొన్న ఆదివారం సెమీఫైనల్ ఒకెత్తు," అంటూ విశ్వనాథం గారు లేచి నిలబడ్డారు. "ఎర్రగడ్డ ముఠా నా మీద పగబట్టింది. అవతలి జట్టంతా వాళ్లే. అందరి దగ్గరా దొంగ సరుకే. ఒకడికి గోడలు గాజులు, ఒకడికి నేల గాజు, ఇంకొకడికి మనం రేపు ఎటు నడుస్తామో ఇవాళే కనబడుతోంది. మా భువన చేతులు గడగడా వణికిపోతున్నాయి. 'మామయ్యా, నా వల్ల కాదు, ఇక నువ్వే దిక్కు' అంది. ఫోన్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది."

"ఆరోజు ఆడింది మీరా?" అటు బెంచీ అమ్మాయి మొదటిసారి మాట్లాడింది.

"ఎకౌంట్ దానిది, చేతులు నావి."

"భువన అసలు ఆడలేదా అంకుల్?"

"ముట్టుకుంటే ఒట్టు. పాపం, చిన్నపిల్ల. ప్రతి బుల్లెట్టూ నాదే," అన్నారాయన, ఇలా బాగా అడిగే శ్రోత దొరికినందుకు పొంగిపోతూ. "విను, నువ్వు చదువుకున్నదానివి, నీకర్థమవుతుంది. ఆ తుపాకులు తలకాయ వెతుక్కుని వస్తాయని చెప్పానా? నేనేం చేశాను, నా బొమ్మని వంగి నమస్కారం పెట్టించాను. బుల్లెట్లొచ్చాయి, చూశాయి, తల కనబడలేదు. గాల్లో కాసేపు తచ్చాడి, ఉన్న తలకాయలు కాల్చినవాళ్లవే కదా అని వెనక్కి తిరిగాయి. సగం జట్టు అక్కడే పోయింది! రేపటిది ఇవాళే చూసేవాడున్నాడే, వాణ్ణి పట్టుకోవడం కష్టమైంది. వాడి కోసం నేను నిన్న నడిచిన దారిలో వెనక్కి నడిచాను. వాడు రేపట్లో వెతుకుతున్నాడు, నేను నిన్నట్లో ఉన్నాను. వెనక నుంచి వెళ్లి భుజం తట్టాను. వాడికి గుండాగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరిగ్గా అప్పుడు ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది."

"అయ్యో," అంది శకుంతలమ్మ.

"అయ్యో ఏంటి? ఆడుతూనే ఉన్నాను! ఫోన్ ఆగిపోతే ఆగిపోయింది, ఊపు ఆగుతుందా? నల్లటి తెర మీదే మిగిలినవాళ్లని ఏరేశాను. ఆ దెబ్బకి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఇటు మొత్తం కరెంటు పోయింది. పైన శాటిలైట్ ఒకటి పక్కకు ఒరిగింది, ఇప్పటికీ కొంచెం వంకరగానే తిరుగుతోంది, కావాలంటే చూసుకోండి. దేశదేశాల్లో దొంగాట ఆడుతున్న ప్రతివాడి ఫోన్లోనూ ఆట ఆగిపోయి నా మొహం వచ్చింది, మీసంతో సహా. చైనాలో ఒకడు మీసం చూసి సన్యాసం పుచ్చుకున్నాడు. కంపెనీ ఓనరు విమానమేసుకుని వచ్చి, ఇదిగో ఈ బెంచీ మీదే కూర్చుని, నా రెండు చేతులూ పట్టుకుని, 'విశ్వనాథం గారూ, దొంగల్ని పట్టడానికి మేం కట్టిన యంత్రాలన్నీ పాతసామాన్లవాడికి వేసేస్తున్నాం, మీరొక్కరు చాలు' అని కన్నీళ్లు పెట్టుకున్నాడు."

"ఎప్పుడొచ్చాడు బాబూ? నేను చూడలేదే?"

"నువ్వు పాలకి వెళ్లావు."

తిరుమలేశ్ పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు. గ్లాసు బెంచీ మీద పెట్టి, బ్యాగు భుజానికి తగిలించుకుని, మా బెంచీ దగ్గరికి వచ్చింది.

"నా పేరు వర్ణిక అంకుల్. కోటదాడి పోటీలు నడిపే సంస్థలో పనిచేస్తాను. మోసాల మీద వచ్చే ఫిర్యాదులు నేను చూస్తాను. సెమీఫైనల్లో భువన ఎకౌంట్‌తో వేరేవాళ్లు ఆడారని, ఓడిపోయిన జట్టు ఫిర్యాదు పెట్టింది."

విశ్వనాథం గారి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, ఓనరు పట్టుకున్నట్టుగా.

"ఓడినవాళ్లు ఇలాంటివి పెడుతూనే ఉంటారు," అంది వర్ణిక. "నాలుగు మాటలడిగి మూసేద్దామనే వచ్చాను. ఆరోజు ఇంట్లో తనొక్కతే ఉన్నాననీ, మామయ్య షూటింగ్‌కి వెళ్లాడనీ భువన చెప్పింది. ఆ ముక్క మీ నోటి నుంచి కూడా విందామనుకున్నా. ఇంటికి తాళం ఉంది, భువన బస్సులో ఉన్నానంటే ఇక్కడ కూర్చున్నాను. మీరేమో ఇంట్లోనే ఉన్నానంటున్నారు. ఆడింది కూడా నేనే అంటున్నారు. అంటే నాకు అబద్ధం చెప్పింది భువనన్నమాట."

"అమ్మా, అది... నేనేదో ఊరికే..."

"ఒకరి ఎకౌంట్‌తో ఇంకొకరు ఆడితే, అమ్మినా, అద్దెకిచ్చినా, మామయ్యకిచ్చినా మాకు ఒకటే. జట్టు మొత్తం పోటీలోంచి పోతుంది. భువన ఎకౌంట్ శాశ్వతంగా పోతుంది."

విశ్వనాథం గారు కూర్చున్నారు. "నేను ఆడలేదమ్మా. నిజంగా ఆడలేదు."

"ప్రతి బుల్లెట్టూ నాదే అన్నారు."

"ఆ మాటకొస్తే ఛార్జింగ్ లేని ఫోన్లో ఆడానని కూడా అన్నాను కదమ్మా! బుల్లెట్లు వెనక్కి తిరిగాయన్నాను. శాటిలైట్ వంకరపోయిందన్నాను!"

"ఎక్కువ చేసి చెప్పడం అందరూ చేసేదే. అడుగున ఎంతో కొంత ఉంటేనే కదా దాన్ని ఎక్కువ చేసేది? చప్పుడు కంటే ముందు మెడ తిరగడం చూసి దొంగని పట్టాననే మాట, ఆట తెలియని మనిషికి తట్టదు."

"అది ఒక్కటే నిజం తల్లీ," అన్నారాయన దీనంగా. అదే ఆయన కొంప ముంచింది.

వర్ణిక తన ఫోన్లో ఆట తెరిచి ఇచ్చింది. "ఆడండి." ఆయన బొటనవేలితో అద్దాన్ని నొక్కారు, గీకారు, కాలింగ్ బెల్ కొట్టినట్టు పొడిచారు. బొమ్మ ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతూ ఆకాశంలోకి కాల్చింది. వర్ణిక ఫోన్ తీసుకుంది. "చేతకానట్టు చేయడం తేలికే అంకుల్. మీరు నటులు కూడా."

తనని నటుడని ఒక్కరైనా అనాలని ఆయన ఎన్ని ఏళ్లుగా ఎదురుచూశారో మాకు తెలుసు. అన్నారు చివరికి. ఆయన మొహం చూడలేక శకుంతలమ్మ పాలగిన్నె వైపు తిరిగింది.

అప్పుడే భువన వచ్చింది. బస్టాపు నుంచి పరుగున వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. వర్ణికని చూసి నవ్వబోయి, మామయ్యని చూసి ఆగిపోయింది.

"ఏమైంది?"

వర్ణికే చెప్పింది. ఆ పిల్ల వింటున్నంతసేపూ మామయ్య మొహమే చూస్తోంది.

"నేను ఆడానని చెప్పావా మామయ్యా?" అని తడబడి, "నువ్వు... నువ్వు ఆడావని చెప్పావా?" అంది. "ఫిర్యాదు వచ్చిందని నీకెందుకు చెప్పలేదో తెలుసా? చెబితే నువ్వు ఊరంతా ఏదో ఒకటి కల్పించి చెబుతావని. చెప్పకపోయినా చెప్పావు. మా జట్టులో రాజ్యలక్ష్మి ఉంది చూడు, వాళ్ల నాన్న ఆడపిల్లకి తుపాకులాటేంటని ఫోన్ లాక్కుంటే అన్నం మానేసి ఒప్పించుకుంది. ఇప్పుడు దానికి ఏం చెప్పాలి? మా మామయ్య టీ తాగుతూ మనల్ని ఓడించాడనా?"

ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

విశ్వనాథం గారు వర్ణిక వైపు తిరిగారు. "అమ్మా, నా మాట నమ్మొద్దు. ఈ వీధిలో ఎవర్నైనా అడుగు, నేను నోరు తెరిస్తే ఒక్కటీ నిజం ఉండదు. నేను అబద్ధాలకోరుని తల్లీ."

"ఇది కూడా అబద్ధమేమోనని నాకెలా తెలుస్తుంది?" అంది వర్ణిక. వెటకారం కాదు, పాపం ఆమెకూ దారి దొరకడం లేదు. "ఒక్క విషయం చెప్పండి. ఆరోజు మీరు ఇంట్లో లేకపోతే, ఎక్కడున్నారు?"

"షూటింగ్‌లో. మధురానగర్లో ఓ ఇంట్లో, సీరియల్ షూటింగ్."

"ఏం వేషం?"

ఆయన తువ్వాలు తీసి మళ్లీ భుజాన వేసుకున్నారు.

"చెప్పు మామయ్యా," అంది భువన. "చాలా ముఖ్యమైన పాత్రన్నావుగా. కథంతా నీ చుట్టూనే తిరుగుతుందన్నావుగా. సెట్లో ఎవరో ఒకరు చూసి ఉంటారుగా నిన్ను!"

బెంచీకి ఆ చివర తిరుమలేశ్ మెడ గోక్కుంటున్నాడు. విశ్వనాథం గారు తలెత్తి అతని వైపు చూశారు. తర్వాత కళ్లు దించుకుని, "చెప్పెయ్యవయ్యా," అన్నారు. "వీడియో కూడా చూపించు."

"ఎవ్వరికీ చూపియ్యనని మీకు మాటిచ్చిన సార్."

"నేనే అడుగుతున్నా కదా. చూపించు."

తిరుమలేశ్ లేచి, ప్యాంటు జేబులోంచి ఫోన్ తీశాడు. "మేడం, గా ఆదివారం ఈ సార్‌ను నా వ్యాన్లనే తోల్కపోయిన. పొద్దుగాల్నుంచి పొద్దుగూకే దాంక సార్ మధురానగర్ల సచ్చి పండిండు."

"ఏంటీ?"

"శవం వేషం మేడం. ముక్కుల దూది పెట్టిర్రు, మెడల దండేసిర్రు, కదలొద్దన్నరు. కథ మొత్తం సార్ సుట్టే తిరిగింది, గది నిజమే. అందరు సుట్టు కూసొని ఏడ్సిర్రు."

ఫోన్ చుట్టూ అందరం మూగాం. నట్టింట్లో చాప మీద విశ్వనాథం గారు. తల దగ్గర దీపం, పక్కన గుప్పెడు అగరొత్తులు. పట్టుచీర కట్టుకున్న నటీమణి గుండెలు బాదుకుంటూ ఆయన ఛాతీ మీద వాలి, "నన్ను ఒంటరిదాన్ని చేసి వెళ్లిపోయారా" అని గొల్లుమంటోంది. అగరొత్తుల పొగ మెలికలు తిరుగుతూ శవం మొహం మీదికి పోయింది. శవం ముక్కు ఒకసారి అదిరింది. ఇంకోసారి అదిరింది. ఆ తర్వాత ఎగిరి కూర్చుని తుమ్మింది. దూది నటీమణి నుదుటికి తగిలింది. ఆవిడ నిజంగానే కెవ్వున కేక పెట్టి, తలుపు దాకా పరిగెత్తింది. వెనక నుంచి డైరెక్టరు గొంతు: "ఎవర్రా ఈ శవాన్ని తెచ్చింది? మళ్లీ మొదట్నుంచి!"

వర్ణిక ఆ వీడియో తీసిన తేదీ, టైమూ చూసింది. తన ల్యాప్‌టాప్ తెరిచి సెమీఫైనల్ టైము చూసింది. తుమ్ము వచ్చేసరికి అక్కడ ఆట సగంలో ఉంది. సరిపోయిందని తల ఊపి, ల్యాప్‌టాప్ మూసి, "ఇంకోసారి వేయండి," అంది. రెండోసారి ఎందుకో మాకు అర్థమైంది. తుమ్ము దగ్గరికి వచ్చేసరికి బెంచీ పట్టుకుని నవ్వింది. భువన కూడా నవ్వుతోంది, ఇప్పుడు కళ్లవెంట నీళ్లు కూడా కారుతున్నాయి. మామయ్య పక్కన కూర్చుని ఆయన భుజానికి తల ఆనించి మరీ నవ్వుతోంది. శకుంతలమ్మ పొంగిపోతున్న పాలు కూడా పట్టించుకోలేదు.

విశ్వనాథం గారు ఒక్కరే నవ్వలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నన్ను ఇంకా ఏమైనా అడగాలా అమ్మా?" అన్నారు.

"మీ గొంతుతో ఒక్క మాట కావాలి అంకుల్, ఫిర్యాదు మూసేయడానికి," అని వర్ణిక ఫోన్లో రికార్డింగ్ నొక్కి ఆయన ముందు పెట్టింది.

రికార్డింగ్ అనేసరికి ఆయన వెన్ను తనంతట తనే నిటారైంది. గొంతు సవరించుకున్నారు.

"నా పేరు కాశీవిశ్వనాథం. సెమీఫైనల్ జరిగిన ఆదివారం నేను మధురానగర్లో శవంగా పడుకుని ఉన్నాను. ఆట మొదటి నుంచి చివరి దాకా మా భువన ఒక్కతే ఆడింది. నాకు ఆ ఆట ఆడటం రాదు."

ఆణిముత్యాల్లా పలికారు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. ఆయన నోట అంత పొట్టి కథ మేమెవరం ఎప్పుడూ వినలేదు.

"థాంక్యూ అంకుల్, చాలు," అంది వర్ణిక, ఫోన్ తీసుకోబోతూ.

"ఒక్క నిమిషం అమ్మా, అది ఆపకు," అని ఆయన ఆమె చెయ్యి ఆపారు. "శవమంటే ఊరికే పడుకోవడం అనుకునేరు. నేను ఊపిరి బిగబట్టానంటే ఆ ఇంటివాళ్లు నిజంగానే పురోహితుడికి కబురు పెట్టారు. డాక్టరొచ్చి నాడి చూసి, లాభం లేదని పెదవి విరిచాడు. ఆ తర్వాత ఏమైందో..."

"సార్!" అన్నాడు తిరుమలేశ్. "సచ్చినోళ్లు గింతసేపు మాట్లాడరు."